మెల్లగా, గట్టిగా

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఇది: నా కూతురికి నా గొంతు వినపడదేమోనని.

ఈ మాట నోటితో అనడానికి ఏడాది పట్టింది. కాగితం మీద పెట్టడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

పిల్ల పేరు శ్రీసత్య. మార్చికి ఐదేళ్ళు నిండాయి. మేం ఉండేది దువ్వాడ స్టేషనుకి ఇవతల, రైలు పట్టాలకి ఆనుకున్న కాలనీలో. మా ఆయన అశోక్ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో కాంట్రాక్టు పని చేస్తాడు. రోజంతా గ్రైండింగ్ మిషను పక్కనే. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చినవి చొక్కా జేబులోనే ఉంటాయి. ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగినా అది కేకే. మా అత్త సన్యాసమ్మ గొంతు ఈ పొలం గట్టు మీంచి ఆ గట్టుకి మాట్లాడి పెరిగిన గొంతు. గూడ్సు బండి వెళ్తుంటే మాట ఆపే అలవాటు మా కాలనీలో ఎవరికీ లేదు. ఇంకాస్త గొంతు పెంచుతాం. అలాంటి ఇంట్లో పుట్టింది నా పిల్ల. మెల్లగా మాట్లాడేవాళ్ళే లేని ఇంట్లో, మెల్లగా అన్నది పిల్లకి వినపడదని ఎవరికి తెలుస్తుంది?

నెలల పిల్లప్పుడు బొగ్గు గూడ్సు వస్తే ఉలిక్కిపడేది. "సూసినావా, ఎంత సురుకో దీని సెవి" అని మా అత్త మురిసిపోయేది. గూడ్సు వస్తే ఇంటి నేల అదురుతుంది. ఆ అదురు మంచం కోళ్ళలోంచి ఎక్కి పిల్ల వీపుకి చేరుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

నాకు మాత్రం చిన్న చిన్నవి కనపడుతూ వచ్చాయి. దోమ చెవి దగ్గరికొస్తే మనం చెయ్యి విసురుతాం. సత్య విసరదు, కుట్టాకే కొట్టుకుంటుంది. కుక్కరు కూత పెడితే పక్కింటి పిల్లలు చెవులు మూసుకుంటారు. సత్య కుక్కరు మూత ఊగడం చూసి నా వైపు పరిగెత్తుకొస్తుంది. మువ్వల పట్టీలు కొని పెడితే కళ్ళతో చూసుకుంది కానీ ఒక్కసారి కూడా కాళ్ళు టపటపలాడించలేదు. కోయిల కూస్తే తలెత్తదు. తన పేరు "తత్య" అంటుంది. బస్సు "బత్తు". మా అత్తకి అదొక ముద్దు.

నేను మాట్లాడుతుంటే నా కళ్ళు చూడదు. నోరు చూస్తుంది.

ఇవన్నీ చూసి కూడా నేనేం చేశానంటే, దాచాను. ఏప్రిల్లో బడిలో చేర్చడానికి తీసుకెళ్ళినప్పుడు టీచరు పిల్లని పేరడిగింది, నాన్న పేరడిగింది, రంగులడిగింది. నేను టీచరు కుర్చీ వెనక నిలబడి ప్రతి ప్రశ్నా పెదాలతో మళ్ళీ అన్నాను. పిల్ల నా నోరు చూసి జవాబులు చెప్పేసింది. "చురుకైన పాప" అని టీచరు రాసుకుంది. బడి జూన్ పన్నెండున తెరుస్తారు. ఆ రోజు నుంచి నేను ఎవరి కుర్చీ వెనకా నిలబడలేను. నా కడుపులో జూన్ నాటికి నాలుగో నెల. రెండోదానికి కూడా ఇలాగే అయితే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక గిన్నె తోమేదాన్ని.

నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. మా అమ్మకి చెయ్యి విరిగితే ఆమె చేసే ఇంటిపనిలోకి నేను వెళ్ళాను. వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర కుసుమకుమారి మేడమ్ గారి ఇల్లు. మేడ మీద పిల్లలకి ఆవిడ సంగీతం నేర్పుతారు. నెల రోజులు అనుకున్నది పదమూడేళ్ళయింది. పెళ్ళయి ఇంత దూరం వచ్చాక కూడా మానలేదు. షేర్ ఆటోలో గాజువాక, అక్కడి నుంచి బస్సు. హాల్లో ఒక పియానో ఉంది. రేవులో పని మానేసి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర మేడమ్ గారి తాత కొన్నాడట. చేరిన రోజునే మేడమ్ "దాన్ని ముట్టుకోకు, పైపైన తుడువు" అన్నారు. పదమూడేళ్ళు పైపైనే తుడిచాను.

ఈ జూన్ మొదటి వారంలో ఆ పియానోని విప్పారు. ఉప్పుగాలికి చెమ్మ పట్టి వేళ్ళతో నొక్కే మెట్లు సగం బిగుసుకుపోయాయని, క్లాసులు మొదలయ్యేలోగా బాగు చేయమని మేడమ్ దాలయ్యని పిలిపించారు. డెబ్బై దాటిన మనిషి, రేవు పక్క చేపల పని చేసే ఇంటివాడు. కుర్రతనంలో వాల్తేరు రైల్వే క్లబ్బు వంటింటికి చేపల బుట్ట ఇవ్వడానికి వెళ్ళి, అక్కడొకాయన పియానో విప్పుతుంటే నిలబడి చూశాడట. బుట్ట అక్కడే మర్చిపోయి ఇంట్లో తన్నులు తిని, మర్నాడు మళ్ళీ వెళ్ళాడట. ఇప్పుడు ఊళ్ళో పియానో శ్రుతి చేసేవాళ్ళు ఆయన కాక ఇంకెవరూ లేరంటారు మేడమ్.

మా అత్త ఊళ్ళో పెళ్ళికి వెళ్ళింది. అందుకని ఆ వారం పిల్లని వెంటబెట్టుకుని పనికి వెళ్ళాను.

"ఏటమ్మా, అంత దూరంగా తుడుస్తన్నావ్? ఇది కరవదు" అన్నాడాయన.

"ముట్టుకోవద్దన్నారు తాతా."

"ఎప్పుడన్నారు?"

"పదమూడేళ్ళ కింద."

పకపకా నవ్వి ముందు పలక ఊడదీసి చూపించాడు. లోపల వరసగా చిన్న చిన్న సుత్తులు, తలలకి తెల్లటి మెత్త. వెనక తీగలు. ఇంతకాలం నేను పెట్టె తుడిచాను కానీ లోపల ఇన్ని చేతులున్నాయని అనుకోలేదు.

"ఇంత పని ఎవరు కనిపెట్టారు తాతా?"

అడగడమే ఆలస్యం. ఆయనకి చెప్పడమంటే ఇష్టమని తర్వాత తెలిసింది.

"క్రిస్టోఫోరి అని ఒకాయన. ఇటలీ దేశం, ఫ్లోరెన్సు ఊరు. మూడొందల ఏళ్ళు దాటిపోనాది. అక్కడ రాజుగారి కొడుక్కి వాయిద్యాల పిచ్చి. ఈయన్ని పనిలో ఎట్టుకున్నాడు. ఎట్టుకుని ఎక్కడ కూకోబెట్టినాడనుకున్నావ్? వంద మంది పనోళ్ళు సుత్తులు కొట్టుకుంటా, సెక్కుకుంటా ఉన్న పెద్ద శాలలో! ఆ గోల నా వల్ల కాదు బాబూ అని ఈయన మొత్తుకున్నాడట."

"మా ఆయన షెడ్డులాగ."

"అదే మరి. అంతకు ముందున్న పెట్టెల్లో మెట్టు నొక్కితే పిట్ట ఈక ములుకొచ్చి తీగని గీకేది. నువ్వు మెల్లగా నొక్కు, గుద్దు, మోత ఒకటే."

"మా ఇంటోళ్ళ మాటలాగ."

"నీకు అన్నీ మీ ఇంటోళ్ళే" అని నవ్వాడు. "ఈయన ఆ ఈక తీసీసి సుత్తి ఎట్టినాడు. కాయితం సుట్టి, పైన తోలు ముక్క అంటించిన సుత్తి. ఏలు ఎంత బరువుతో పడితే అంత మోత. అందుకే దానికి మెల్లగా గట్టిగా వాయించీ పెట్టె అని పేరెట్టినారు. పేరు పొడుగైపోనాదని తరవాతోళ్ళు 'గట్టిగా'ని కోసీసి, 'మెల్లగా'ని ఉంచినారు. పియానో అంటే మెల్లగా అనే అమ్మా."

పదమూడేళ్ళు తుడిచాను. దాని పేరుకి మెల్లగా అని అర్థమని నాకు తెలియదు. గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఈలోగా సత్య వచ్చి పియానో పక్క చెక్కకి అరచెయ్యి ఆనించింది. ఆయన ఎడమ వైపు లావు మెట్లు వాయిస్తే పిల్ల కిలకిలా నవ్వింది. రెండో చెయ్యి కూడా పెట్టింది. ఆయన ముద్దుగా అలా కుడి వైపుకి వెళ్తూ వెళ్తూ వాయించాడు. మోత సన్నబడుతోంది. పిల్ల ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. చివరికి చేతులు తీసేసి, అయిపోయిందా అన్నట్టు నా వైపు చూసింది. ఆయన ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.

ఆయన వేళ్ళు ఆగాయి. పిల్లని చూశాడు, నన్ను చూశాడు.

"పాపకి..."

"ఆటలో ఉంటే పలకదు తాతా. మొండిది" అన్నాను. పిల్ల చెయ్యి పట్టుకుని, తుడవాల్సిన గది ఇంకొకటి ఉండగానే మేడ మెట్లు దిగిపోయాను. బస్సులో కూర్చున్నాక చూసుకుంటే తడి గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది.

మర్నాడు వెళ్ళకూడదనుకున్నాను. కానీ జూన్ పన్నెండుకి ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆయన చూసేశాడు. చూసిన మనిషి మేడమ్‌కి చెప్తే, మేడమ్ ఇంకొకరికి చెప్తే? చెప్పొద్దని బతిమాలడానికే వెళ్ళాను.

మేడమ్ బజారుకి వెళ్ళారు. దాలయ్య నేను అడగకముందే పిల్ల చేతిలో గుప్పెడు చింతపిక్కలు పోశాడు, ముందొక స్టీలు గ్లాసు పెట్టాడు.

"నీకు ఒక ఆట సూపిస్తాను బుల్లీ. మోత ఇనపడితే ఒక పిక్క గ్లాసులో ఎయ్యాల. ఇనపడకపోతే ఎయ్యకూడదు. దొంగాట ఆడితే నాకు తెలిసిపోద్ది."

ముఖం ముందుకొచ్చి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాట విడదీసి చెప్పాడు. వినపడనివాళ్ళతో ఎలా మాట్లాడాలో ఈయనకి ఎలా తెలుసు అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

"వద్దు తాతా" అన్నాను.

"ఎందుకొద్దు?"

"తెలిసిపోతుంది కదా."

"తెలియకుండా ఉంటే వొచ్చీస్తాదేటి?" అన్నాడు. ఆ మాట ఆయన గట్టిగా అనలేదు.

మేడమ్ వాళ్ళ పాత బొంత నాలుగు మడతలు వేయించి, హాలు ఆ చివర దాని మీద పిల్లని కూర్చోబెట్టించాడు. వీపు పియానో వైపు. నేల అదురు తగలకూడదు, మన నీడ కూడా కనపడకూడదు అన్నాడు. నన్ను పిల్లకి ఎదురుగా కాకుండా పియానో పక్కన నిలబెట్టాడు.

"నీ నోరు దానికి కనపడితే ఆట సెడిపోద్ది" అన్నాడు. ఏప్రిల్లో బడిలో నేను చేసింది ఈయన చూసినట్టే అనిపించి తల దించుకున్నాను.

లావు మెట్టు, మెల్లగా. పిక్క గ్లాసులో పడింది. టంగుమంది. నా ప్రాణం లేచి వచ్చింది.

ఇంకొకటి, ఇంకా మెల్లగా. పిక్క పడింది.

మధ్య మెట్టు, మెల్లగా. పిల్ల చేతిలో పిక్క అలాగే ఉంది. నేను నాలుక కరుచుకున్నాను. అదే మెట్టు కొంచెం బరువుగా. లేదు. గట్టిగా. పిక్క పడింది.

"సుత్తి తీగని కొట్టీసి అక్కడే అతుక్కుపోతే మోత సచ్చిపోద్ది" అన్నాడాయన వేళ్ళు పైకెత్తి, చూపు పిల్ల వీపు మీదే ఉంచి. "కొట్టి బేగి ఎనక్కి వొచ్చీయాల. తీగని దాని మానాన్న మోగనివ్వాల. ఆ ఎనక్కొచ్చీ కీలే క్రిస్టోఫోరి కట్టిన అసలు పని. నువ్వూ అంతే. కొట్టీసి కంగారు పడకు. ఆగు."

ఆగడం నాకు చేతకాదు. అయినా ఆగాను.

కుడి వైపుకి వచ్చాడు. మెల్లగా. లేదు. గట్టిగా. లేదు. పక్కది గట్టిగా. లేదు. ఆ మోత నా పళ్ళల్లోకి వెళ్తోంది, నా కూతురు మాత్రం పిక్కల్ని బొంత మీద వరసగా పేర్చుకుంటోంది. ఒక్కో మెట్టుకీ ఆయన పాత కేలండరు వెనక పెన్సిల్‌తో గీత గీస్తున్నాడు. ఒంటి గీత అంటే వినపడింది, అడ్డగీత అంటే లేదు. అడ్డగీతలు ఒకదాని పక్కన ఒకటి పడుతుంటే ఎవరో నా ఒంటి మీద గీస్తున్నట్టుంది.

చివరి నుంచి మూడో మెట్టు నొక్కాడు. చెక్క దిగింది కానీ మోత రాలేదు. లోపల సుత్తి బిగుసుకుపోయి ఉంది. ఆయన పిల్లనే చూస్తూ ఆగాడు. మళ్ళీ గట్టిగా నొక్కాడు. మళ్ళీ ఏమీ లేదు, టక్‌మని చెక్క చప్పుడు తప్ప. ఆగాడు. అడ్డగీత గీశాడు.

"తాతా, అది మోగలేదు."

"ఏటీ?"

"ఆ మెట్టు. అసలు మోగలేదు."

ఆయన చెయ్యి మెట్ల మీదే ఉండిపోయింది. పక్క మెట్టు నొక్కి నా ముఖం చూశాడు. "ఇది?"

"మోగింది."

"ఇది?"

"మోగింది."

మూడోది మళ్ళీ నొక్కాడు. నేను తల అడ్డంగా ఊపాను. దాలయ్య పెన్సిల్ కింద పెట్టి, కండువాతో మెడ తుడుచుకున్నాడు. అప్పుడే నాకు వెలిగింది. పిల్ల సంగతి ఆయన అంత బేగి కనిపెట్టింది ఎందుకో.

"రెండేళ్ళయిందమ్మా" అన్నాడు. "పై వరస నాకు ఇనపడదు. సెల్లులో సూది ఒకటుంటాది, మోత సరిగ్గా ఉంటే మజ్జిలో నిలబడతాది. అది సూసుకుని బిగిస్తన్నాను. ఫోను మోగినా తెలీదు నాకు. ఎవరైనా తలుపు కొట్టినా తెలీదు. మంచం కోడు తలుపు సెక్కకి ఆనించి పడుకుంటాను. సెక్క అదిరితే మంచం అదురుద్ది, అప్పుడు లెగుస్తాను. ఆడదీ లేదు, పిల్లల్లేరు. అడిగీవోళ్ళు లేరు కాబట్టి నడిసిపోతంది."

"మేడమ్‌కి..."

"సెప్పకు తల్లీ. సెవిటోడు శ్రుతి సేత్తాడంటే ఎవులు పిలుస్తారు?"

చెప్పనన్నాను. ఆయన కేలండరు కాగితం చింపి నా చేతిలో పెట్టాడు.

"సూడు, నాను డెబ్బై దాటినోణ్ణి. ఇనాల్సింది ఇనీసినాను. నాను దాసుకున్నా ఎవులికీ నష్టం లేదు. దీనికింకా ఐదే. నువ్వు దాయకు."

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా అత్త అప్పుడే ఊరి నుంచి దిగింది. అశోక్ పనిలోంచి వచ్చి గుమ్మం మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. పిల్ల ఆయన పక్కనే కూర్చుని బూటు తాడుతో ఆడుకుంటోంది. కాగితం ఎదురుగా పెట్టి జరిగింది చెప్పాను.

"సెవుడా? నా కూతురికా?" అని అరిచాడు. "గూడ్సు వొస్తే లెగిసి కూకుంటాది అది! ఎవులో ముసిలోడు పిక్కలాట ఆడించి సెప్తే నువ్వు నమ్మీసినావేటి?"

"ఓలమ్మో, ఆ మాట నోటంట రానియకే" అని మా అత్త చెంపలు వేసుకుంది. "ఆడపిల్ల. రేపొద్దున ఎవులు సేసుకుంటారు? కడుపుతో ఉన్నావు, లోపలున్నదాని మీద పడతాదే ఆ మాట!"

నాకు వాదించడం రాదు. మాటకి మాట చెప్తే ఇంట్లో గొంతులు పెరుగుతాయి తప్ప ఏమీ తేలదు. లోపలికి వెళ్ళి, తండ్రీకూతుళ్ళ వీపుల వెనక నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. ఎప్పుడూ చేయని పని చేశాను. మెల్లగా, మామూలు మనుషులు మాట్లాడుకునేంత మెల్లగా, "అశోక్" అన్నాను.

పెళ్ళయి ఏడేళ్ళు. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. రేషను షాపులో అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించేదాన్ని. మా అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆయన బూటు తాడు లాక్కుంటూనే ఉన్నాడు.

"శ్రీసత్యా" అన్నాను అంతే మెల్లగా.

పిల్ల తాడు రెండో కొస కోసం వెతుక్కుంటోంది.

"అశోక్" అన్నాను మళ్ళీ. గొంతు పెంచలేదు.

"పేరెట్టి పిలిసీసినాదిరా!" అంది మా అత్త. "రెండు సార్లు!"

ఆమె గొంతు కాబట్టి ఆయన తిరిగాడు. "ఎవులు? ఎవుల్ని?"

మా అత్త ఆయన్నీ పిల్లనీ మార్చి మార్చి చూసింది. తర్వాత పిల్ల వెనక్కి వెళ్ళి కూలబడి, జీవితంలో మొదటిసారి అనుకుంటా, గొంతు తగ్గించి "అమ్మలూ" అంది. పిల్ల తిరగలేదు. ఇంకోసారి అంది. మూడోసారి అనలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

జూన్ పన్నెండున మేం బడికి వెళ్ళలేదు. పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడ గాజు గదిలో పిల్ల చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ప్లాస్టిక్ చక్రాలిచ్చి, వినపడితే ఒకటి వేయమన్నారు. అది చూడగానే నాకు చింతపిక్కలు గుర్తొచ్చాయి. డాక్టరమ్మ గీసిన కాగితం మీద గీత ఎడమ నుంచి కుడికి కొండ దిగినట్టు దిగిపోయింది. దాలయ్య కేలండరు కాగితం దాని పక్కన పెట్టాను. ఆవిడ రెండూ కాసేపు చూసి "ఇది ఎవరు చేశారు?" అంది. "మా తాత" అన్నాను. చెవికి మిషన్లు పెట్టొచ్చని, ఆలస్యమైంది కానీ మించిపోలేదని అంది. వరసలో అశోక్‌ని కూడా ఆ గదిలో కూర్చోబెట్టించాను. ఆయనకీ గీత దిగింది. ఇప్పుడు షెడ్డులో ఇచ్చినవి జేబులో కాకుండా చెవుల్లోనే పెట్టుకుంటున్నాడట. చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి నమ్మాలి.

సెప్టెంబరు మొదట్లో మిషన్లు వచ్చాయి. పెట్టిన రోజు పిల్ల ఏడ్చింది. బియ్యం చేట చెరిగితే ఏడ్చింది, కుళాయి విప్పితే ఏడ్చింది. మూడో రోజు తన పట్టీల వైపు చూసి, ఒక కాలు నేల మీద కొట్టి ఆగింది. రెండో కాలు కొట్టింది. తర్వాత గంటసేపు ఇల్లంతా తిరిగింది. మేం ముగ్గురం గోడకి ఆనుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా విన్నాం. బడిలో కూడా చేరింది. ఈసారి టీచరుకి అన్నీ చెప్పే చేర్చాను. ముందు బెంచీ ఇచ్చారు.

దాలయ్య తాతకి ఫోను చేశాను. ఎత్తడని తెలిసి కూడా చేశాను. మేడమ్ ఇంటికి వచ్చినప్పుడు నేనే ముఖం చూసి చెప్పాను. ఆయన మేడ మెట్ల మీద కూర్చుండిపోయాడు. "వొస్తాను, ఆదోరం వొస్తాను. దాని నోటంట పేరు ఇనాల" అన్నాడు. ఆ మాట అన్నాక నా వైపు చూసి నవ్వాడు. "నాకు ఇనపడినంత."

ఆ ఆదివారం రాలేదు. దాని తర్వాత ఆదివారమూ రాలేదు. నాకిప్పుడు ఎనిమిదో నెల. బీపీ ఎక్కువగా ఉంది, కాళ్ళు వాచాయి, బస్సు ఎక్కితే ఊరుకోనని కాన్పుల డాక్టరమ్మ చెప్పింది. మేడమ్ దసరా సెలవులకి విజయనగరం వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళారు. ఫోన్లో అడిగితే "ఏ పండక్కో వాళ్ళ వాళ్ళ దగ్గరికి వెళ్ళుంటాడులే అమ్మాయ్" అన్నారు. ఆ వాళ్ళ వాళ్ళు ఎవరో ఆవిడకీ తెలియదు.

మొన్న అశోక్‌ని తాత ఇంటికి పంపాను. వెళ్ళొచ్చి చెప్పాడు.

"గొళ్ళెం కొట్టినాను, కొట్టినాను. పలకలేదు."

"లోపల్నుంచి ఏమైనా అన్నాడేమో?"

"నాకైతే ఇనపళ్ళేదు."

ఆ మాట అని ఆయనే ఆగిపోయాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. పలికినా ఈయనకి వినపడదు. వీధంతా సెలవు, వాకిట్లో ఎవరూ లేరట. నిన్న పొద్దున అశోక్ ఫ్యాక్టరీ ఆపి చేసే షట్‌డౌన్ పనికి వెళ్ళిపోయాడు. వారం వరకు ఇంటికి రాడు, లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. మా అత్తకి ఆ వైపు దారి తెలియదు.

ఇవాళ మధ్యాహ్నం సత్య మా ఇంటి గుమ్మం దగ్గర ఆడుకుంటూ గొళ్ళెం లాగి తలుపుకి కొట్టింది. ఆగింది. చెవుల్లోంచి మిషన్లు తీసి నా ఒళ్ళో పెట్టి, వెళ్ళి మళ్ళీ కొట్టింది. వెనక్కి వచ్చి, ఏదో పెద్ద సంగతి కనిపెట్టినదానిలా చెప్పింది.

"అమ్మా, ఇవి లేకపోతే గొళ్ళెం లేదు."

నేను గోడ పట్టుకుని లేచాను. గొళ్ళెం మోత సన్నంగా టింగుటింగుమంటుంది. అది పియానోలో కుడి వైపు మోత. నేను దాలయ్య తాతకి ఇచ్చిన మాట కోసం అశోక్‌కి ఆయన చెవుల సంగతి, మంచం కోడు సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే చెక్క మీద కొట్టేవాడు. నేను దాచిన మాట వల్ల ఒక మనిషి తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

అందుకే ఇదంతా రాస్తున్నాను. తాతా, నన్ను చెప్పొద్దన్నావు, చెప్పేశాను. నీ పని పోతే నా మీద కోప్పడు. కోప్పడడానికైనా తలుపు తియ్యి.

మీలో ఎవరైనా వన్‌టౌన్ చుట్టుపక్కల ఉంటే ఒక్కసారి వెళ్ళి చూడండి. పాత పోస్టాఫీసు నుంచి రేవు వైపు దిగే సందు, ఎడమ చేతి వైపు పాత ఐసు గోదాము గోడ, దాన్ని ఆనుకుని నీలం తలుపు. గొళ్ళెం కొట్టకండి. అరచేత్తో తలుపు చెక్క మీద, కింది సగంలో, గట్టిగా చరచండి. చరిచి చెయ్యి వెనక్కి తీసేసి ఆగండి. ఆయన లేవడానికి కాస్త టైము పడుతుంది. తలుపు తీస్తే ఆయన ముఖం చూస్తూ చెప్పండి, శ్రీసత్య తన పేరులో 'స' పలుకుతోందని. తీయకపోతే వెళ్ళిపోకండి. ఇంకోసారి కొట్టండి.